జివ్వుమనే పెట్టె

ఆ వేసవిలో కంప్యూటరు ముందు కూర్చోవాలంటే నాకొక పద్ధతి ఉండేది. స్విచ్ వేసి, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగంతో సీపీయూ డబ్బాను మెల్లగా తాకి చూసేదాన్ని. పెనం కాలిందో లేదో చూసుకునేటప్పుడు పెట్టినట్టే, పెట్టీ పెట్టకుండా. డబ్బా జివ్వుమంటే ఆ రోజు పని సాగదని అర్థం. అది రోజూ జివ్వుమనేది.

అప్పుడు మేము నగరం అంచున హూడిలో ఒక పాత పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లకు పునాదులు తవ్వుతూ ఉండేవారు, ఆ దుమ్మంతా మా ఇంట్లోకే వచ్చేది. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ హొసకోటె దగ్గర ఉండేది, దానికి తాళం పడింది. ఆయన పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని వేరే పని వెతుక్కుంటూ పోయేవాడు, సాయంత్రానికి ఆ చొక్కా నలిగి ఇంటికొచ్చేది. ఇల్లు నడిచింది నా పనితోనే.

నా పనేమిటంటే, అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు ఇంటర్నెట్ మీద ఫైళ్ళుగా మాకు వచ్చేవి. వాటిని చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, ఇంగ్లీషులో టైపు చేసి, సాయంత్రం ఐదు లోపల తిరిగి పంపాలి. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, తీస్తే ఆగుతాడు. మొదట్లో ఆఫీసుకే పోయేదాన్ని. ఆఫీసు బెళ్ళందూరు వైపు మారాక బస్సులు మారి మారి తల ప్రాణం తోకకొచ్చింది. బతిమాలి, ఇంటి నుంచి చేస్తానని ఒప్పించుకున్నాను. నా గాజులు కుదువబెట్టి కంప్యూటరు తెచ్చుకున్నాం. ఇంటి వైరింగులో ఎర్తింగ్ లేదని తెలిసి, ఓనరును అడిగితే ఆయన వినిపించుకోలేదు. మేమే ఎలక్ట్రీషియన్ను పిలిపించి వేరుగా ఎర్తింగ్ చేయించాం. ఆ రోజు నేను ఇంకా ఆఫీసులోనే ఉన్నాను, మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మా అత్త ఒక్కతే.

మా అత్తది చింతామణి దగ్గర పల్లె. అడిగిందానికి తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. అందులోనూ కోడలు అడిగితే అసలే చెప్పదు. మా ఇద్దరికీ ఎక్కువ గొడవలు నీళ్ళ దగ్గరే. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తే పెరట్లో డ్రమ్ములు నింపుకునేవాళ్ళం. నేను చెంబు చెంబూ లెక్కగా వాడుతుంటే, ఈమె బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు బేసిన్‌లో పట్టి, చాలకపోతే డ్రమ్ములోంచి ఇంకో రెండు చెంబులు కలిపి, తీసుకుపోయి వెనక గోడ మూల పారబోసేది. అక్కడ గడ్డిపోచ కూడా మొలిచేది కాదు.

"ఆ కనకాంబరానికన్నా పొయ్యకూడదా అత్తా? ఏమీ మొలవని చోట పోస్తాండావే!" అని ఒకరోజు గట్టిగానే అరిచాను.

"నీ పని నువ్వు చూసుకో మ్మేయ్. నా పని నేను చూసుకుంటాండా" అని బేసిన్ బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

శివరాత్రి అయిన కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆమె మంచం మీంచి లేవలేదు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రిలో ఉంచుకున్నన్నాళ్ళు ఉంచుకుని, ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నారు. పట్టుకుంటే కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసేది. నోటి నుంచి 'ఊ' అన్న శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియని ఎవరో ముసలమ్మకు మాట పడిపోయిందని డాక్టరు చెప్తుంటే టైపు చేస్తూ ఉండేదాన్ని. పక్క గదిలో మా అత్త నన్ను పిలవలేక మంచం పట్టె మీద ఎడమ చేత్తో కొట్టేది.

లేచి పోతే, ఆ ఎడమ చేత్తోనే వెనక వాకిలి వైపు చూపించేది. బాత్‌రూము వెనక వాకిలి దాటగానే ఉంటుంది. పాపం అర్జెంటేమో అని భుజం కింద చెయ్యి వేసి నడిపించుకుపోయి కూర్చోబెట్టేదాన్ని. ఏమీ ఉండేది కాదు. విసుక్కుంటూ తల అడ్డంగా ఊపేది. మళ్ళీ తెచ్చి పడుకోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టుకునేసరికి మళ్ళీ పట్టె మీద కొట్టేది, మళ్ళీ అదే చెయ్యి, మళ్ళీ అదే వాకిలి. రోజుకు ఎన్నిసార్లో. నాకు ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎంత వికారంగా ఉంటుందో అద్దంలో చూసుకున్నాను కాబట్టి తెలుసు.

ఎండలు ముదిరాయి. కంప్యూటరుకు రోగం అప్పుడే మొదలైంది.

మొదట డబ్బా తాకితే చురుక్కుమంది. తర్వాత హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని ఒక మోత. దాని వెనకాల డాక్టరు మాట ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుండేది. మందు మోతాదు ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలక ఖాళీ వదిలేసేదాన్ని. పెడల్ తొక్కితే ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. అన్నీ దాటుకుని ఫైలు పూర్తిచేసి పంపబోతే ఇంటర్నెట్ సగంలో తెగిపోయేది. ఫోన్ లైను మీద నెట్ కలిసేటప్పుడు వచ్చే ఆ డయలప్ కూత మళ్ళీ మొదటినుంచీ వినాలి. కూసి కూసి కలిసేది, కలిసి మళ్ళీ తెగేది. ఒక్కోసారి తెరంతా బిగుసుకుపోయి బాణం గుర్తు కూడా కదిలేది కాదు.

కె.ఆర్.పురం నుంచి కంప్యూటరు రిపేరు చేసే అతను వచ్చాడు. డబ్బాకు టెస్టరు పెట్టి చూశాడు, ఎర్రగా వెలిగింది.

"ఎర్తింగ్ ఉండాదా మేడమ్?"

"ఉంది. మేమే స్పెషల్‌గా చేయించుకున్నాం" అన్నాను. ఓనరు చేయించకపోయినా మేం చేయించామన్న గొప్ప అందులో ఉంది.

"అయితే పవర్ సప్లైలో ఉండాది ప్రాబ్లమ్. చేంజ్ చేస్తే సరిపోతాది."

చేంజ్ చేశాడు. సరిపోలేదు. మళ్ళీ వచ్చి మెమరీ కార్డు ఊడదీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో దాని పళ్ళు రుద్దాడు. ఇంకోసారి వచ్చి వైరస్ అన్నాడు, ఫార్మాట్ కొట్టాడు. నేను ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మందుల పేర్ల జాబితా దానితోపాటు పోయింది. మోడెమ్ మార్చాడు. చివరికి, "మీ ఫోన్ లైన్ చూపించండి" అని చేతులెత్తేశాడు. లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కి దిగి, "లైను సరియాగిదె అమ్మా, నిమ్మ కంప్యూటరే సరి ఇల్ల" అని కన్నడంలో తీర్పు చెప్పి పోయాడు. అంటే తప్పు వాళ్ళ లైనుది కాదు, మా పెట్టెదేనట. పక్కింటావిడ వచ్చి దక్షిణం వైపు తిరిగి పనిచేస్తే ఇంతే అంది. ఏడవలేక నవ్వి, ఆవిడ పోయాక టేబులు తూర్పుకు తిప్పాను. నాకు నమ్మకం ఉండి కాదు. ఇక తిప్పడానికి వేరే ఏమీ మిగల్లేదు.

మా ఆయన కాళ్ళ కింద చెక్క పలక వేశాడు, రబ్బరు చెప్పులేసుకుని కూర్చోమన్నాడు. షాకు తగ్గింది గానీ మోత తగ్గలేదు. ఇంట్లో చెప్పులేసుకుని కూర్చున్న కోడల్ని మా అత్త మంచం మీంచి చూసిన చూపు గురించి చెప్పను.

ఆఫీసులో మా సూపర్‌వైజరు మంచిదే. మొదట రెండుసార్లు ఆలస్యమైతే ఏమీ అనలేదు. తర్వాత ఖాళీలు ఎక్కువయ్యాయంది. ఆ తర్వాత ఒక పొద్దున ఫోన్ చేసి, "ఇవాళ ఐదు లోపల రాకపోతే నీ ఫైల్స్ వేరేవాళ్ళకు ఇచ్చేయాల్సి వస్తుందప్పా. నా చేతిలో ఏం లేదు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అది ఉత్త బెదిరింపు కాదని తెలిసింది. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలిగే దారి ఇంకోటి లేదు.

ఆ రోజు ఎలా టైపు చేశానో నాకే తెలియదు. మోతలోంచి ఒక్కో మాటా ముల్లు తీసినట్టు తీశాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి అంతా తయారు. పంపడం మొదలుపెట్టాను, తెగిపోయింది. మళ్ళీ పంపాను, మళ్ళీ తెగింది. తెర మీద ఫైలు ఎంత పోయిందో చూపించే ఆ నీలం గీత చివరిదాకా పోతూ పోతూ ఆగిపోయేది. దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టాను. డబ్బాకు కూడా దండం పెట్టాను. పక్క గదిలోంచి మంచం పట్టె మీద దబదబా చప్పుడు.

హెడ్‌ఫోన్ తీసి టేబులు మీద విసిరికొట్టాను.

"ఏం కావాల నీకు? దినాం ఇదే! కూర్చోబెడితే రాదు, పడుకోబెడితే ఊరుకోవు! యాడికి పోవాలో పద, పోదాం పద!" అని అరుస్తూ ఆమెను లేపాను. ఆమె చెయ్యి అప్పటికే వెనక వాకిలి వైపు ఉంది.

బాత్‌రూము దగ్గర అలవాటు కొద్దీ ఆగాను. ఆమె ఆగలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని ముందుకు గుంజింది. పడిపోయిన మనిషిలో అంత బలం ఎక్కడిదో. ఇన్నాళ్ళూ ప్రతిసారీ నేను ఆ తలుపు దగ్గరే ఆపేశానని అప్పుడు తట్టింది. కాలు ఈడ్చుకుంటూ డ్రమ్ము దాకా వచ్చింది, చెంబు ముంచింది, నా మీద ఒరిగి గోడ మూలకు నడిచింది. ఎడమ చేత్తో పోయడం రాక సగం నీళ్ళు చీర మీదే పోసుకుంది. మిగిలిన సగం నేల మీద పడింది.

నేల బీటలు వారి ఉంది. నీళ్ళు సుయ్యిమని లోపలికి పోయాయి. మట్టి కొట్టుకుపోయిన చోట తుప్పుపట్టిన ఇనుప గొట్టం మూతి కనిపించింది. దానికి బిగించిన ఆకుపచ్చ వైరు గోడ వెంబడి పైకి ఎక్కి, నా గది కిటికీలోంచి లోపలికి పోయింది. ఆ వైరు లోపలి కొసను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. బయటి కొస ఎక్కడుందో ఒక్కనాడూ చూడలేదు.

ఎర్తింగ్ గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి పూడుస్తారు, అది తడిగా ఉంటేనే పనిచేస్తుంది. ఈ సంగతి ఆ ఎలక్ట్రీషియన్ చెప్పి ఉంటే ఆ రోజు ఇంట్లో ఉన్న ఆమెకే చెప్పి ఉండాలి. దినాం నీళ్ళు పొయ్యండి అని ఉంటాడు. ఆమె పోసింది. ఎందుకో నాకు చెప్పలేదు. నేను అరిచిన రోజు కూడా చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడు నోట మాట లేదు.

ఆమెను గడప మీద కూర్చోబెట్టి డ్రమ్ము మీద పడ్డాను. ట్యాంకరు మరునాడు గానీ రాదు. అయినా బకెట్టు మీద బకెట్టు ముంచి ఆ గుంతలో గుమ్మరించాను. పోసినవన్నీ ఆ నేల తాగేసింది. డ్రమ్ము అడుగు కనిపించేదాకా పోశాను. ఆమె గడప మీద కూర్చుని, తడిసిన చీరతో, నేను సరిగ్గా పోస్తున్నానో లేదో చూస్తూనే ఉంది.

లోపలికి వచ్చి చెయ్యి తిప్పి డబ్బాను తాకాను. ఏమీ లేదు. అరచెయ్యి మొత్తం ఆనించాను. ఏమీ లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మోత పోయి డాక్టరు గొంతు పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంది. వదిలేసిన ఖాళీలు విని నింపాను. ఫైలు పంపాను. నీలం గీత చివరిదాకా పోయింది. కాసేపటికి సూపర్‌వైజరు ఫోన్ చేసి, "వచ్చిందప్పా. రేపటివి పంపిస్తాను" అంది. ఫోన్ పెట్టేసి, అత్త ఒడిలో తల పెట్టి గట్టిగా ఏడ్చాను. ఆమెకు విసుగొచ్చిందో ఏమో, ఎడమ చేత్తో నా తల పక్కకు నెట్టింది.

సాయంత్రం మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కోబోయి, "నీళ్ళన్నీ యాడికి పోయినాయే?" అని అరిచాడు. చెయ్యి పట్టుకుని వెనక గోడ మూలకు తీసుకుపోయి చూపించాను.

మరునాడు పొద్దున ట్యాంకరు వచ్చాక బియ్యం కడిగి, ఆ నీళ్ళు బేసిన్‌లో పట్టుకుని ఆమె మంచం పక్కనుంచి వెనక్కి వెళ్తున్నాను. ఆమె అప్పటికే చెయ్యి ఎత్తింది. నా చేతిలో బేసిన్ చూసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, దుప్పటి మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా బతికింది. మళ్ళీ ఒక్కసారి కూడా వెనక వాకిలి వైపు చెయ్యి చూపించలేదు.