కదలని బస్సుకు డ్రైవరు

కరోనాతో బడులు మూసినప్పటి నుంచి మేడ్చల్‌లో స్కూలు బస్సు నడిపే అంజిలయ్యకు పని లేదు. అయినా పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలిపిన బస్సు అద్దాలు తుడిచేవాడు. ఎవరైనా పలకరిస్తే, "మస్తు నౌకరీ! బండి కదలదు, యాక్సిడెంట్ అయ్యే ముచ్చటే లేదు" అని తనమీద తనే నవ్వుకునేవాడు. బస్సునిండా పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషి, పదో తరగతి చదివే కూతురు సుప్రజ గది ముందు మాత్రం గొంతు సవరించుకుని, ఏమనాలో తోచక వెనక్కి వచ్చేవాడు. ఆ పిల్ల ఫోనులో పాఠాలు విని, గోడవైపు తిరిగి పడుకునేది.

స్నేహితురాలి తండ్రి కరోనాతో పోయాడని తెలిసిన సాయంత్రం, సుప్రజ తనంతట తానే వచ్చి బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని ఏడ్చింది. ఓదార్చడం అంజిలయ్యకు చేతకాదు. డ్రైవరు సీట్లో కూర్చుని, నోటితోనే ఇంజను మోత చేస్తూ స్టీరింగు తిప్పాడు. "బౌరంపేట్! బౌరంపేట్ల దిగెటోళ్లు రాండ్రి!" అని అరిచాడు.

"ఏంది నాయినా, గిట్ల పిచ్చోని లెక్క?"

"ఏంజెయ్యాలె బిడ్డా, నాకు గిదొక్కటే వస్తది."

సుప్రజకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముందుకొచ్చి అతని వెనకే కూర్చుంది. "షామీర్‌పేట చెరువు కాడికి పోనియ్యి" అంది. కాసేపటికి మెల్లగా, "నాకు మస్తు భయమైతాంది నాయినా" అంది.

అంజిలయ్య వెనక్కి తిరగలేదు. వేగం తగ్గించినట్టు గేరు మార్చి, "నాకు గూడ బిడ్డా. చెప్పు, షామీర్‌పేట ఇంకా మస్తు దూరమున్నది" అన్నాడు.