ముఖం కనపడని ఫొటో

నాకు అనుమానం ఎక్కువ. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పాలవాడు పోసి వెళ్ళాక గిన్నె మూత తీసి చూస్తాను. బస్సులో కండక్టర్ ఇచ్చిన టికెట్‌ను రెండుసార్లు చదువుతాను. ఆర్మూర్ లైబ్రరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాక ఈ గుణం ఇంకా ముదిరింది. పుస్తకంలోంచి పేజీలు చింపుకుపోయేవాళ్ళు ఎప్పుడూ వినయంగా నమస్తే పెట్టేవాళ్ళే. అందుకే ఎవరైనా మరీ వంగి నమస్తే పెడితే నేను ముందు వాళ్ళ సంచి వైపు చూస్తాను.

అలాంటి నాకు జిల్లా ఆఫీసు నుంచి ఒకరోజు ఫోన్ వచ్చింది. ఇకమీదట మా లైబ్రరీకి ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉండాలట. రోజుకొక ఫొటో పెట్టాలట. పాఠకులు చదువుతున్నట్టు కనిపించాలట. చదివితే చాలదా, కనిపించాలా? పాఠకులు తక్కువున్నారని తేల్చి మమ్మల్ని ఎత్తేయడానికే ఈ ఫొటోలని నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

నిజామాబాద్‌లో ఒకపూట ట్రైనింగ్ పెట్టారు. పాఠం చెప్పేందుకు వచ్చినాయన మొదట పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని అరగంట చెప్పాడు. ఆ తరువాత నా పక్కకు వచ్చి నిలబడి, మీ పాస్‌వర్డ్ కొట్టండి మేడం అన్నాడు.

"ఎవ్వలకు చెప్పొద్దన్నరు గద సార్. మల్ల మీరు గిట్ల నెత్తి మీద నిలవడితె ఎట్ల కొట్టాలె?" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆయన మాత్రం అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పాస్‌వర్డ్‌ను ఒక చీటీ మీద రాసి, మా లైబ్రరీలో ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ముట్టని ఒక పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం ఏదో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

మొదటి వారం రోజులూ నేను మనుషులను ఫొటో తీయలేదు. ఒకరోజు పుస్తకాల బీరువా, ఒకరోజు పేపర్ స్టాండు, ఒకరోజు ఖాళీ కుర్చీలు. బీరువా ఫొటోకు ఎవరో ముక్కూముఖం తెలియని ఒకాయన లైక్ కొట్టాడు. నా బీరువాతో అతనికేం పని? అతని పేజీలోకి వెళ్ళి చూస్తే అన్నీ ఎడ్ల ఫొటోలు. ఆ రోజు సాయంత్రం బీరువా తాళం రెండుసార్లు లాగి చూసుకుని ఇంటికి వెళ్ళాను.

ఆఫీసు వాళ్ళు ఊరుకోలేదు. "మనుషులేరి మేడం? రేపు మహిళా పాఠకుల ఫొటో పెట్టండి," అని గ్రూపులో అందరి ముందూ రాశారు.

మహిళా పాఠకులంటే మాకు పొద్దున పూట పరీక్షలకు చదివే ఆడపిల్లలు వస్తారు. మధ్యాహ్నం మూడు గంటలకు మాత్రం ఒక్కతే వచ్చేది. బీడీలు చుట్టే మనిషి, ముప్పై దాటిన వయసు. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, మరుసటి రోజుకు ఆకు, తంబాకు తీసుకుని, గంపతో సహా నేరుగా లైబ్రరీకి వచ్చేది. గంట కూర్చుని వెళ్ళిపోయేది. భర్త దుబాయిలో. ఇంట్లో అత్త. ఓపెన్ స్కూల్లో పదో తరగతి ఫీజు కట్టింది. అది పాసైతే అంగన్‌వాడీ పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చునని ఆమె ఆశ. ఈ సంగతి ఇంట్లో తెలియదు. కార్ఖానాలో లైను పెద్దగా ఉందని రోజూ చెప్పేది.

"ఎర్కైతె బంద్ జేపిస్తరక్కా. సదివి ఏం జేస్తవు, ఇంకో రెండు కట్టలు సుట్టమంటరు. రిజిస్టర్ల నా పేరు రాయకు," అని మొదటిరోజే బతిమాలింది.

లైబ్రరీకి వచ్చినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం చేయాలి. ఆ విషయంలో నేను మా అన్ననైనా వదలను. అయినా ఆమె దగ్గర మెత్తబడ్డాను. ఆమె వచ్చినరోజు ఒక అడ్డగీత మాత్రం గీసేదాన్ని.

మహిళా పాఠకుల ఫొటో పెట్టాల్సిన రోజు పొద్దున్నే కరెంటు పోయి ఆడపిల్లలెవరూ నిలవలేదు. పసుపు ఉడకబెట్టే రోజులవి. కిటికీలోంచి ఆ వాసన తప్ప లైబ్రరీలోకి ఎవరూ రావడంలేదు. మూడింటికి ఆమె వచ్చింది. పక్క టేబుల్ దగ్గర, రోజూ ఉర్దూ పేపర్ కోసం వచ్చే ముసలి సాయిబు ఉన్నాడు. ఒకప్పుడు టైలరు.

"ఎన్కకెల్లి తీస్త. ముఖం రాదు. ఫికర్ జెయ్యకు," అన్నాను.

"నువ్వు తీస్తె నాకేం భయమక్కా," అంది ఆమె.

వెనక నుంచి తీశాను. ఫొటోను పెద్దది చేసి మూలమూలా వెతికాను. ముఖం లేదు. చెవి కమ్మ కూడా కనిపించడంలేదు. పుస్తకం మీద పేరు లేదు. లోకంలో ఇంత జాగ్రత్తపరురాలు లేదనుకుంటూ, 'పని ముగించుకుని వచ్చి చదువుకుంటున్న పాఠకురాలు' అని రాసి పెట్టేశాను. లైకులు వరదలా వచ్చాయి. ఈసారి వాటిని అనుమానించలేదు సరికదా, రాత్రి అన్నం తింటూ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

మరుసటి రోజు ఆమె రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. నేను ముందు సాయిబును అనుమానించాను. ఆయనకు ఊరంతా చుట్టాలే, ఎక్కడో నోరు జారి ఉంటాడని. తరువాత కార్ఖానా గుమాస్తాను, ఆపైన ఆఫీసును అనుమానించాను. నా వేలిని మాత్రం అనుమానించలేదు.

నాలుగో రోజు వచ్చింది. చేతిలో గంప లేదు, ఫోన్ ఉంది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా ఆయన గంప జూసి గుర్తువట్టిండక్కా," అంది.

నాకు అప్పటికి గాని వెలగలేదు. కార్ఖానాలో వందల గంపలు ఒక్క వరసలో పెడతారు. కలిసిపోకుండా ప్రతి ఆడమనిషీ తన గంప మీద తనదైన గుడ్డ కడుతుంది. మా దగ్గర ఏ గుడ్డ ఎవరిదో అందరికీ తెలుసు. ఆమె గంప మీద ఉన్నది ఆకుపచ్చ గళ్ళ లుంగీ ముక్క. దుబాయి పోయేముందు భర్తే తన పాత లుంగీ చింపి కట్టాడట. ఫొటోలో కుర్చీ పక్కన ఆ గంప నిండుగా, స్పష్టంగా ఉంది. దుబాయిలో మన ఊరివాళ్ళు రూముల్లో కూర్చుని చూసేవి మన ఊరి పేజీలే. ఎవరో చూసి, ఇది నీ పెండ్లాం గంప గాదె అని అతనితో అన్నారట. కార్ఖానాలో ఉన్నానని ఆమె చెప్పిన వేళకు గంప లైబ్రరీలో ఉంది. దాని పక్కన ఎవరో మగమనిషి భుజం ఉంది.

వెంటనే ఫోన్ తీసి పేజీలోంచి ఫొటో తీసేయబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"తియ్యకక్కా. తీస్తె ఇంకింత అనుమానం జేస్తడు. ఏం లేకపోతె ఎందుకు తీసిన్రంటడు."

నిజమే. ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే అనేదాన్ని.

ఆమె అక్కడి నుంచే వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది. తెరమీద ఎండకు నల్లబడిన ముఖం, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్. "నమస్తే మేడం," అన్నాడు, ఎంతో వినయంగా.

"జర లైబ్రరీ మొత్తం చూపియ్యిన్రి."

చూపించాను. బీరువాలు, కిటికీలు, వెనక గది. ఆమె రోజూ ఇక్కడికే వస్తుందని చెబుతూ, చేయి నొప్పి పుట్టేదాకా తిప్పాను. "గా పక్క టేబుల్ కాడ కూసున్నదెవ్వలు మేడం, ఫొటోల?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, అదే టేబుల్ దగ్గర పేపర్ చదువుతున్న సాయిబు కళ్ళజోడు తీసి ఫోన్‌లోకి వంగాడు.

"నేనే బేటా. డెబ్బై దాటినై. ఇంకా ఏం చూస్తవ్, పండ్లు చూపియ్యాల్నా? నాలుగే ఉన్నయ్."

భర్త సిగ్గుపడి నవ్వాడు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు అడిగాడు, నేనైతే మొట్టమొదట అడిగే ప్రశ్న.

"రోజు వస్తదంటున్నరు గద. మరి రిజిస్టర్ల పేరుంటది గద మేడం?"

లేదు. అడ్డగీతలున్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి ఒక మనిషిని నమ్మి చేసిన ఉపకారం, ఇప్పుడు ఆమె మీదికే సాక్ష్యమై కూర్చుంది. ఆమె ఫోన్ లాక్కుంది.

"నేనే రాయొద్దన్న. నువ్వు వద్దంటవని."

"నేనెప్పుడన్న వద్దన్ననా?"

"నేనెప్పుడన్న అడిగిన్నా?"

అక్కడ వెనక ఏదో మిషన్ చప్పుడు. చివరికి అతను, "చదువుకో. అమ్మకు నేను జెప్త," అన్నాడు.

నేను ఆ రోజు ఇంటికి తేలిక మనసుతో వెళ్ళాను. సాయిబుకు టీ కూడా ఇప్పించాను. మరుసటి రోజు నుంచి ఆమె మళ్ళీ వచ్చింది. రిజిస్టర్‌లో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. పరీక్ష రాస్తుంది, చాలు, అనుకున్నాను.

కాని సరిగ్గా మూడుంబావుకు ఫోన్ మోగేది. అక్కడ అది అతని తిండి వేళ. ఆమె నీళ్ళ సీసాకు ఫోన్ ఆనించి నిలబెట్టి, చెవిలో వైరు పెట్టుకుని చదివేది. అతను అన్నం తింటూ చూసేవాడు. తిట్టడు, గద్దించడు. "పేజీ తిప్పుతలేవేంది?" అని మాత్రం అడుగుతాడని ఆమే ఒకసారి చెప్పింది. అత్త కూడా ఇప్పుడు అడ్డు చెప్పడంలేదట. మా కోడలు చదువుతుందని వాడలో చెప్పుకుంటోందట.

అప్పుడు గాని నేను గమనించలేదు. ఇదివరకు ఆ గంటంతా ఆమె పాఠాలే చదివేది కాదు. కాసేపు వారపత్రికలో కథ చదివి తనలో తానే నవ్వుకునేది. కాసేపు టేబుల్ మీద తల వాల్చి కళ్ళు మూసుకునేది. ఒక్కోరోజు ఏమీ చేయకుండా కిటికీలోంచి సిద్ధులగుట్ట రాళ్ళను చూస్తూ కూర్చునేది. ఇప్పుడు నిటారుగా కూర్చుని లెక్కలు చేస్తోంది. వారపత్రిక స్టాండులోనే ఉంటోంది.

పరీక్షకు వారం ఉందనగా ఆఫీసు నుంచి మళ్ళీ ఫోన్. ఆ ఫొటో పైవాళ్ళకు బాగా నచ్చిందట. ఈసారి ముఖం కనిపించేలా తీసి, ఆమె కథ నాలుగు మాటల్లో రాసి పెట్టమన్నారు. నాకు అడగాలని లేదు. అయినా అడిగాను, వద్దంటుందని. వద్దంటే ఆ మాటే ఆఫీసుకు చెప్పి తప్పుకుందామని.

ఆమె చెవిలోంచి వైరు తీసి, కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది.

"తియ్యక్కా. ముందటికెల్లే తియ్యి. గీ గంట ఒక్కటే ఎవ్వలకు తెల్వకుంట నాకుండె. ఇగ దాసేదేమున్నది?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని.