నాయన మాటలో కోసేసిన ముక్క

నాయన పోయిన ఎనిమిదో నెలలో, ఆయన గొంతు తన దగ్గర ఉందని ఒక సంగీత దర్శకుడు ఫోన్ చేశాడు. భూసేకరణ మీద ఒపేరా చేస్తున్నాడట. అంటే మాటలన్నీ పాడే నాటకం. రోడ్డు కోసం మా ఊళ్ళో భూములడిగిన సభను అప్పట్లో రికార్డు చేసుకున్నాడట. అందులో నాయన "నేను సంతకం పెట్టను" అన్నాడట.

నేను నమ్మలేదు. ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో నాయన పేరుంది. ఉమ్మడి పొలాన్ని అన్న ఒక్కడే రాసిచ్చేశాడని చిన్నాయన ఆ జాబితా పడిన రోజు నుంచి మా గడప తొక్కలేదు. నాయన శవాన్ని కూడా వీధిలోంచే చూసి వెళ్ళిపోయాడు. "నేను పెట్టలేదు" అని నాయన నాతో ఒక్కసారే అన్నాడు. నేను రెండోసారి అడగలేదు.

నిజమే అయితే ఆ మాట చిన్నాయన వినాలి. అందుకే ఆ గొంతు వాడుకోవడానికి అనుమతి ఇచ్చాను. బతిమాలి, పూతలపట్టులో ఆయన్ను బస్సెక్కించి తిరుపతి తీసుకెళ్ళాను.

హాల్లో నాలుగు మూలలా స్పీకర్లు. వయొలిన్ అమ్మాయి తీగలు వదిలేసి చెక్క మీద కమాను రాస్తోంది. పాడేవాళ్ళు ఒక్కో మాటను విరిచి, ఒకరి నోట్లోంచి ఒకరు అందుకుంటున్నారు. అధికారి ప్రసంగాన్ని చివరి నుంచి మొదటికి తిప్పి వినిపించారు. ఇంత హంగు ఏదో దాచడానికే అనిపించింది. చివర్లో అన్నీ ఆగాయి. నాయన గొంతు వచ్చింది: "నేను సంతకం పెట్టను."

చిన్నాయన బయటికొచ్చాక అన్నాడు: "ఏమ్మే, ఆఫీసరు మాటల్నే తలకిందులు చేసినోడు. మీ నాయన మాటను యాడ కోసి యాడ అతికించినాడో."

ఆ అనుమానం నాకూ ఉంది. కోయని రికార్డు వినిపించమని దర్శకుణ్ణి అడిగాను.

"అది మామూలుగా ఉంటుందండీ. సంగీతం కాదు."

మామూలుదే కావాలన్నాను.

ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. దగ్గులు, కుర్చీలు లాగిన చప్పుడు, ఎవరో మోటార్ సైకిల్ స్టార్ట్ చేయడం. తర్వాత నాయన: "మా తమ్మున్ని అడక్కుండా నేను సంతకం పెట్టను సార్."

"ముందర్ది ఎందుకు కోసినావప్పా?" అన్నాడు చిన్నాయన.

"అది మీ ఇంటి మాట కదండీ. నాటకం అందరిదీ."

చిన్నాయన నావైపు తిరిగాడు. "నన్ను అడగనే లేదే," అన్నాడు, ఇంకా నమ్మనట్టే.

"జాబితా పడిన రోజే, సంతకం పెట్టలేదని చెప్పేదానికి నాయన నీ ఇంటికి వచ్చినాడు చిన్నాయనా. నువ్వు తలుపు తియ్యలేదు."

ల్యాప్‌టాప్ మూయబోతున్న దర్శకుడి చెయ్యి పట్టుకుని ఆపాడు చిన్నాయన.