పేరు పెట్టి ప్రార్థన

మా లారీ వాడరేవు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. తుఫాను వెళ్లిన మర్నాడు. చీరాల నుంచి రోడ్డు సగం నీళ్లలో ఉంది. ఒడ్డంతా పడవ చెక్కలు, తెగిన వలలు, ఒక గేదె కళేబరం. మాకిచ్చినవి పారలు, తాళ్లు, టార్పాలిన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. తుపాకులు బ్యారక్‌లో వదిలేసి వచ్చాం. మిలిటరీ కథ చెప్పమని ఊళ్లోవాళ్లు అడిగినప్పుడల్లా తుపాకీ లేని ఈ డ్యూటీయే నాకు ముందు గుర్తొస్తుంది. విన్నవాళ్ల ముఖాలు చిన్నబోతాయి. ఏం చేయను?

అది యాభైల చివర. మాది ప్రత్తిపాడు. మిరప చేను, పత్తి చేను తప్ప సముద్రం ఎరగని కుటుంబం. నాన్న చర్చిలో ఉపదేశి. ప్లటూన్‌లో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని లెఫ్టినెంటు నా చేతిలో పార తీసేయించి, నన్ను మా హవల్దారు పక్కన నిలబెట్టాడు. హవల్దారు తమిళుడు, మాలాగే క్రైస్తవుడు. ఎవరైనా కష్టంలో కనిపిస్తే పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పందే కదిలేవాడు కాదు. ప్లటూన్‌వాళ్లు ఆయన్ని పాదిరీ అని ఆటపట్టించేవాళ్లు. ఆయన తమిళంలో ధైర్యం చెప్పాలి, పటాలంలో తమిళం నేర్చిన నేను తెలుగులో అందించాలి. అదీ మా డ్యూటీ.

మూడింటికి వైర్‌లెస్ ఆపరేటరు కేకేశాడు. "సార్, మళ్లీ గాలి లేస్తోందట. రాత్రికి నీళ్లు లోపలికి రావచ్చట!"

ఐదింటికల్లా ఒడ్డున మనిషి ఉండకూడదని ఆర్డరు. అందరినీ చీరాలలో ఒక బడికి చేర్చాలి. జనం లారీలెక్కారు, నాంచారమ్మ ఒక్కతే ఎక్కలేదు. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. తుఫానుకు ముందు వేటకు వెళ్లిన ఆమె భర్త తిరిగి రాలేదు. అలల అంచున కూర్చుని ఉంది.

ఆమె అత్తగారు లారీ మీద నుంచి నన్ను పిలిచింది. ఒళ్లో మనవరాలు. "మంచినీళ్లు కూడా ముట్టలేదయ్యా. నా కొడుకు ఎట్టాగూ రాలేదు. ఇదీ పోతే ఈ పసిదాన్నేం చేసేది?"

"రాకపోతే ఎత్తుకొచ్చి లారీలో పడేయండి," అన్నాడు లెఫ్టినెంటు.

"నన్ను మాట్లాడనివ్వండి సార్," అన్నాడు హవల్దారు.

ఆయన తడి ఇసుకలో ఆమె పక్కన కూర్చున్నాడు. పడవలో నిద్రపోతున్న ఏసు ప్రభువు లేచి, గాలిని ఊరుకోబెట్టిన సంగతి చెప్పాడు. ఇక్కడా ఈ కథ? కానీ ఆర్డరు ఆర్డరే. తెలుగులో చెప్పాను.

ఆమె మొదటిసారి తల తిప్పింది. "ఆ పడవలో ఉన్నాడు, బానే ఉంది. మా పడవలో ఎందుకు లేడయ్యా?"

ఆ మాటను తమిళంలోకి మార్చాను. హవల్దారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు తెలియదని చెప్పు," అన్నాడు.

చెప్పాను.

"నయం," అంది. "వచ్చినోళ్లంతా వస్తాళ్లే, వస్తాళ్లే అంటన్నారు. వాళ్లకెట్టా తెలుసంట?"

హవల్దారు నా వైపు తిరిగాడు. "ఆమె భర్త కోసం ప్రార్థన చేస్తాను. పేరు అడుగు. పేరు పెట్టి అడగాలి."

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. మా నాన్న పేరు పౌలు. చర్చిలో బైబిలు వాక్యం చదవాల్సి వస్తే ఆ పేరు దగ్గర మా అమ్మ దగ్గేది. అత్తగారిని అడిగి వస్తానని లేచాను.

"ఏందంటన్నాడు?" అంది నాంచారమ్మ.

"మీ ఆయన పేరు చెబితే, ఆ పేరు పెట్టి దేవుణ్ని వేడుకుంటాడంట."

"అమ్మో, నేను చెప్పకూడదు. పేరు పలికితే మనిషికి ఆయుస్సు తగ్గుద్ది."

గాలి పెరిగింది. లారీ హారన్ కొట్టింది. ఉన్నట్టుండి ఆమె లేచి నీళ్లలోకి నడిచింది. మేం తాడు పట్టుకుని వెనకే పరిగెత్తాం. మోకాళ్ల లోతులో ఆగింది.

"పోలయ్యా!" అని అరిచింది. "పోలయ్యా!"

లారీ మీద అత్తగారు ఆ పేరు కోడలి నోట వింది. అప్పటిదాకా ఏడవని ముసలామె "నా కొడకా" అని గుండెలు బాదుకుంది.

కొంతసేపటికి నాంచారమ్మ తనంతట తనే వెనక్కి వచ్చింది. "ఇప్పుడు చెయ్యమను," అంది.

హవల్దారు పోలయ్య పేరు పెట్టి, తమిళంలోనే ప్రార్థన చేశాడు. నేను తెలుగు చేయలేదు. ఆమె అడగలేదు. లారీ ఎక్కి, ఎవరో ఇచ్చిన నీళ్లు తాగి, కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. చీకటి పడకముందే చీరాల చేరాం.

తర్వాత సెలవు మీద ప్రత్తిపాడు వచ్చినప్పుడు చర్చిలో నన్ను దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ఇదే చెప్పాను. "అయితే ఆ పోలయ్య తిరిగొచ్చాడా నాయనా?" అని ఆశగా అడిగారు. రాలేదన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఎన్నో చోట్ల డ్యూటీ చేశాను, చావులు చూశాను. అవన్నీ మసకబారాయి. ఇదొక్కటే పోదు. రెండోసారి పేరు పిలిచాక ఆమె వెంటనే వెనక్కి తిరగలేదు. కొంగు గాలికి కొట్టుకుంటుంటే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పోలయ్య పలుకుతాడేమోనని అలాగే నిలబడింది.