పదహారు మీద తీసిన ఫొటో

అంకమ్మరావు పామర్రు దగ్గర కాలవ లాకుల మీద లస్కరు. లాకు తలుపు ఎత్తేకొద్దీ పక్కనున్న కొలబద్ద మీద అంకె పెరుగుతుంది, అంకెతో పాటు నీళ్లూ పెరుగుతాయి. ఆయన చేతులకు ఏళ్ల తరబడి తెలిసిన లెక్క అదొక్కటే. మోజుపడి కొన్న పాత కెమెరాకూ అదే లెక్క అనుకున్నాడు మహానుభావుడు.

దాంతో మొదట తీసింది అత్తగారు తాతమ్మ ఫొటో. దివిసీమ ఉప్పెనలో ఆమె భర్త పోయాడు, ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. ఇరవై ఏళ్లు దాటినా ఆయన ఇలా ఉండేవాడని చూపించడానికి కాగితం ముక్క లేదు. ఈమధ్య తాతమ్మకు ఆయాసం ఎక్కువైంది. అమ్మదైనా ఒక ఫొటో ఉండాలని ఆమె కూతురు వెంకటరత్నమ్మ మొగుణ్ణి పోరింది.

కానీ తాతమ్మ అల్లుడికి ఎదురుపడే మనిషి కాదు. పెళ్లినాటి నుంచీ తలుపు చాటు మాటలే. కూతురు బతిమాలగా బతిమాలగా లోపలి గదిలో పీట మీద తల వంచుకుని కూర్చుంది. ఒక్కటే తీయాలంది. గది చీకటిగా ఉందని, వెలుగు దండిగా పడాలని, అంకమ్మరావు లెన్సు చుట్టూ ఉన్న అంకెల చక్రాన్ని ధీమాగా పదహారు దాకా తిప్పాడు.

బందరులో స్టూడియో చంద్రశేఖర్‌కి రీలు ఇస్తూ ఆ తెలివి చెప్పుకున్నాడు. అతను నవ్వలేదు.

"అంకె పెరిగేకొద్దీ లోపల వెలుగు దూరే రంధ్రం చిన్నదవుతుందండీ. పదహారు మంచి ఎండకి. ఆ గదికి రెండు పెట్టాలి. శనివారం రండి, చూద్దాం."

శనివారం దాకా అంకమ్మరావుకు అన్నం సయించలేదు. భార్య అడిగితే స్టూడియోలో రద్దీగా ఉందని తప్పించుకున్నాడు. అత్తగారు మళ్లీ ఎదురుగా కూర్చుంటుందా? కూర్చునేదాకా ఉంటుందా? ఆ రెండో ఆలోచన రాగానే తనమీద తనకే అసహ్యం వేసేది.

ఫొటో రానే వచ్చింది. అంతా నలుపు, మధ్యలో తెల్లజుట్టు ఛాయ మాత్రం. భార్యను వెంటబెట్టుకుని వెళ్లి తలుపు సందులోంచి అత్తగారికి అందించాడు. అంకె తప్పు పెట్టింది తనేనని బయటి నుంచే ఒప్పుకున్నాడు.

"దీనికేనా బాబూ ఇంత దిగులు? నేనున్నానుగా," అంటూ తాతమ్మ బయటికొచ్చింది. వెలుతురులో అరుగు మీద కూర్చుని, తల ఎత్తి అల్లుడి వైపు సూటిగా చూసింది.

"మా ఆయన మొహం నాకే సరిగ్గా గుర్తు రావట్లేదు. నా పిల్లకి అలా కాకూడదు. తియ్యండి."

అంకమ్మరావు కెమెరా ఎత్తాడు. కళ్లలో నీళ్లు తిరిగి అంకెలు కనబడలేదు. భార్యను పిలిచి చదవమన్నాడు.