ఎలిజార్ నీలిచ్ వీపు

సుఖోన నది ఒడ్డున వెరేతియ అనే ఊళ్లో శనివారం మధ్యాహ్నం దాటిందంటే ప్రతి ఇంటి పెరట్లోనూ ఆవిరి స్నానం చేసే బాన్యా గది గొట్టం పొగ వదులుతుంది. ఆ పొగను బట్టి ఎవరి కట్టెలు పచ్చివో, ఎవరు ఆత్రంకొద్దీ గొట్టం మూత ముందే మూసి తలనొప్పి తెచ్చుకోబోతున్నారో తన గుమ్మంలో కూర్చునే చెప్పేవాడు పడవలు కట్టే ఎలిజార్ నీలిచ్. చెప్పమని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే ఎక్కడో ఒకచోట ఆపాల్సి వచ్చేది. అడగలేదు కాబట్టి ఆపే పనిలేదు.

ఆవిరి స్నానం విషయంలో అతనికి తెలియనిది లేదని ఊరంతా ఒప్పుకున్నా, అందరికంటే ముందు ఒప్పుకున్నది అతనే. నిప్పుల మీద నీలిమంట పూర్తిగా పోయాకే మూత వెయ్యాలి. రాళ్ల మీద మొదటిసారి పోసిన నీళ్లు మసి కడగడానికే, అది మనిషికి పనికొచ్చే ఆవిరి కాదు. నిండిన కడుపుతో రాకూడదు, ఆకలితోనూ రాకూడదు. తలకి ఉన్ని టోపీ ఉండాలి. ఆవిరికి ముందు సబ్బు ముట్టుకున్నవాణ్ని మనిషి కింద లెక్కెయ్యకూడదు.

"నీళ్లు పొయ్యడం కాదురా, చిలకరించాలి. అదీ వేన్నీళ్లు. అదీ గుక్కెడు. వెనకాల రాళ్ల మీద. రాయి అరవకూడదు, నిట్టూర్చాలి" అనేవాడు.

ఈ మాటలు ఎక్కువగా పడేది అతని తోడల్లుడు ఫదేయ్ మీద. ట్రాక్టర్ నడిపే ఫదేయ్ ఏ పనైనా ట్రాక్టర్ నడిపినట్టే చేసేవాడు. చన్నీళ్లు ముంతెడు తీసుకుని పొయ్యి మొహాన కొట్టేవాడు. చెవులు కాలి జనం నేల మీద బోర్లా పడేవారు. ఫదేయ్ బాన్యాలో ఒక్కసారి కూర్చున్నవాడికి నరకం భయం పోతుందని ఎలిజార్ ఊరంతా చెప్పాడు. ఫదేయ్ నవ్వాడు. మరుసటి శనివారం ముంత మార్చి అంతకంటే పెద్ద చెంబు తెచ్చాడు.

నదిలో మంచు పగిలే రోజుల్లో ఎలిజార్ భార్య కపితోలిన పోయింది. ఆమె పోయాక తెలిసిందేమంటే, ఎంత గొప్ప విద్వాంసుడైనా ఆవిరిలో ఒళ్లు తట్టుకునే బర్చ్ ఆకురెమ్మల కట్టతో తన వీపు తాను కొట్టుకోలేడు. కాళ్లు అందుతాయి, భుజాలు అందుతాయి. నడుము మాత్రం వేరొకరి చెయ్యి అడుగుతుంది. సాయానికి వచ్చినవాళ్లు లేకపోలేదు. ఒకడు గొడ్డును తోలినట్టు కొడుతున్నాడన్నాడు ఎలిజార్. ఇంకొకడు పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడన్నాడు. చివరికి అందరూ స్నానాలు చేసి టీ తాగుతున్న వేళకు తానొక్కడే వెళ్లడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అతని బాన్యా కడగడానికి వెళ్లిన మరదలు, ఫదేయ్ భార్య గ్లఫీరా, గోడకు మేకులు కొట్టి బిగించిన రెమ్మల కట్టను చూసింది.

"ఇదేంటి బావా?"

"కట్ట."

"కట్టని తెలుస్తూనే ఉంది. గోడకెందుకుంది?"

"ఆరడానికి."

"నడుం ఎత్తులో ఆరేసుకున్నావా? దూడ గుంజకి ఒళ్లు రుద్దుకున్నట్టు రుద్దుకుంటున్నావు కదూ."

"నీళ్లు అలా ఒలకబొయ్యకు, చెక్క నానిపోతుంది" అన్నాడు ఎలిజార్ గంభీరంగా.

కోతలు దగ్గరపడ్డాయి. నది పక్క పచ్చికలో గడ్డి కోసేటప్పుడు మగవాళ్లందరూ ఒకరి వెనక ఒకరు పొడుగుపిడి కొడవళ్లతో నడుస్తారు. ముందు నడిచేవాడిదే వేగం, అతనిదే మర్యాద. ఆ చోటు ఎన్నో ఏళ్లుగా ఎలిజార్‌ది. సరిగ్గా ఆ వారమే బోర్లించిన పడవను ఒక్కడే తిరగెయ్యబోయి నడుము పట్టేయించుకున్నాడు. మనిషి మూసిన మడతకత్తిలా వంగిపోయాడు. కొడవలి పట్టలేనివాడికి దంతె ఇస్తారు. దంతె పట్టినవాడు ఆడవాళ్ల వెనక గడ్డి పోగుచేస్తూ నడవాలి. ఈసారి ముందు ఫదేయ్ నడుస్తాడట అని ఊళ్లో అప్పుడే అనుకుంటున్నారు. ఎలిజార్‌కు నడుము నొప్పికంటే ఆ 'అట' ఎక్కువ నొప్పి పెట్టింది.

శనివారం అందరికంటే ముందే వెళ్లి, పొయ్యిలో మామూలు కంటే రెట్టింపు కట్టెలు వేశాడు. తట్టేవాళ్లు లేకపోతే వేడే తడుతుందిలే అనుకుని పాకుతూ పై బల్ల ఎక్కాడు. వేడి అతని నడుమును వదిలేసి మిగతా ఒళ్లంతా కరిగించింది. కాసేపటికి దిగుదామంటే కాలు కదల్లేదు. అరవొచ్చు. కానీ బాన్యా లోపల్నుంచి ఎలిజార్ నీలిచ్ సాయం కోసం అరిచాడంటే, ఆ తర్వాత బతికి మాత్రం ఏం లాభం.

అవతల గ్లఫీరా ఇంట్లో టీ నీళ్లు కాచే సమొవార్ చల్లారింది. "బావ ఇంకా రాలేదేంటి, వెళ్లి చూసి రా" అని మొగుణ్ని తరిమింది.

ఫదేయ్ తలుపు బార్లా తీశాడు.

"తలుపు ముయ్యి, ఆవిరి పోతోంది" అంది పై నుంచి నీరసమైన గొంతు.

"అన్నా, అక్కడేం చేస్తున్నావు?"

"పడుకున్నా. కనపడట్లేదా?"

ఫదేయ్ తలుపు కాసేపు తెరిచే ఉంచి, చల్లగాలి తగిలాక పిండి బస్తా దింపినట్టు తోడల్లుణ్ని కింది బల్ల మీదకి దింపి, తాగడానికి క్వాస్ ఇచ్చాడు. తర్వాత తొట్టిలో నానబెట్టి ఉన్న రెండు రెమ్మల కట్టలు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అవెందుకు?"

"బోర్లా తిరుగు. నువ్వు చెప్పు, నేను చేస్తా. ముందేం చెయ్యాలి?"

ఎలిజార్ బోర్లా తిరిగాడు. నోరు తెరిచాడు. ఎప్పుడూ తడుముకోని మనిషి తడుముకున్నాడు. నిప్పు సంగతి తెలుసు, రాళ్ల సంగతి తెలుసు, నీళ్ల సంగతి తెలుసు. కానీ తన వీపు మీద కపితోలిన ఏం చేసేదో అతనికి తెలియదు. ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని బోర్లా పడుకున్నాడు. ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు. ఎవరి వీపు వాళ్లకు కనపడదని ఊరికే అనలేదు.

"కొట్టు" అన్నాడు చివరికి.

ఫదేయ్ కొట్టాడు.

"ఒరే, చంపుతావా?"

బయటి గది గుమ్మంలోంచి గ్లఫీరా గొంతు వినపడింది. "కొట్టకయ్యా. కొడతారా ఎవరైనా?"

"గ్లఫీరా, నువ్వెందుకొచ్చావు? ఇక్కడ మగవాళ్లం ఉన్నాం" అన్నాడు ఎలిజార్, కదల్లేక.

"నేను అటు తిరిగే ఉన్నాలే బావా. నువ్వు చూపించేంత గొప్పది అక్కడేం లేదని అక్కెప్పుడో చెప్పింది. ఏవయ్యా, ముందు పాదాల నుంచి మొదలుపెట్టు. ఊరికే ఆకులు తగలనియ్యి. గాలిని తోసుకుంటూ పైకి రా."

"వచ్చా."

"ఇప్పుడు కట్టలు రెండూ కప్పు దాకా ఎత్తి వేడి పట్టు. పట్టావా? అది నడుం మీదకి దించి అదిమిపెట్టు. పైన నీ చేతులు పెట్టు. నేను చెప్పేదాకా తియ్యకు. మా అమ్మ అక్కకీ నాకూ ఇలాగే నేర్పింది."

తడి ఆకుల వేడి నడుములోకి దిగింది. బాగానే ఉంది కానీ, ఏదో తేడా.

"కాస్త ఎడమకి" అన్నాడు ఎలిజార్. "కిందకి. ఇంకాస్త."

ఫదేయ్ జరిపాడు. అదే చోటు, కపితోలిన చెయ్యి ఆగే చోటు. ఎలిజార్ కళ్లు మూసుకున్నాడు. అతను మాట్లాడకపోవడం ఫదేయ్ ఎప్పుడూ చూడలేదు, భయపడ్డాడు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నా. తిట్టడానికేం దొరకట్లేదు. వెతుకుతున్నా."

బయటికొచ్చాక ఎప్పటిలా నది చన్నీళ్లలో మునగనివ్వలేదు గ్లఫీరా. ఉన్ని శాలువా నడుముకు బిగించి, సమొవార్ మళ్లీ కాచి, "ఆవిరి తేలిగ్గా ఒంటబట్టిందా బావా?" అని అందరూ అడిగేదే అడిగింది. మామూలుగా ఆ ప్రశ్నకు ఎలిజార్ పావుగంట జవాబు చెప్పేవాడు. ఆ రోజు "పట్టింది" అన్నాడు.

కోతల రోజు తెల్లారేసరికి పచ్చికలో కొడవలితో నిలబడ్డాడు. పూర్తిగా నిటారుగా కాదు, పడమటి గాలికి వాలిన కంచెలా. అయినా వరుస ముందు అతనే. మొదటి వరుస చివరిదాకా కోశాడు. వెనకే ఫదేయ్, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, అడుగులో అడుగు కొలుచుకుంటూ వచ్చాడు. వాడి కొడవలికి అంత ఓపిక ఎక్కడిదో ఎలిజార్‌కు తెలుసు. తెలిసే అది మింగుడుపడలేదు.

రెండో వరుస మొదట్లో ఆగి సానరాయి తీశాడు. నూరుతూనే ఉన్నాడు. అందరూ ఆగారు.

"పద, నువ్వు ముందు నడు" అన్నాడు ఫదేయ్‌తో, రాయి మీంచి తల ఎత్తకుండా.

"నేనా అన్నా?"

"మరెవరు? ఎంత గడ్డి వదిలేసి పోతున్నావో వెనకుండి ఎవరైనా చూడాలి కదా."

ఫదేయ్ ముందుకెళ్లాడు. ముందు నడిచేవాడికి గడ్డి మాత్రమే కనిపిస్తుందనీ, వెనక నడిచేవాడికి ముందువాడి తప్పులన్నీ కనిపిస్తాయనీ ఎలిజార్ నీలిచ్ ఆ వేసవిలో కనిపెట్టాడు. "ఒరే, ఎడంపక్క చూడు, అదేం కోతరా, గొర్రె మేసినట్టు" అంటూ సాయంత్రం దాకా ఫదేయ్ వెనకే నడిచాడు. తను పోయేదాకా మళ్లీ ఆ వెనక చోటు ఎవరికీ ఇవ్వలేదు.