మెట్టు దిగని థామసిన్

మా నాయనమ్మ థామసిన్‌ను ఇంట్లో కోళ్లు ఎన్ని అని అడిగితే రోజుకో లెక్క చెబుతుంది. చర్చి ఆవరణలోని రాతి శిలువకు ఎవరు ఎన్ని అడుగుల దూరంలో పడుకున్నారో చెప్పడంలో మాత్రం లెక్క తప్పదు. మా ఊళ్లో పేదవాళ్ల సమాధులకు రాళ్లుండవు. అందరికీ కలిపి ఆ పాత శిలువే రాయి. దాని తూర్పు మూల నుంచి ఏడడుగులకు మా బాబాయి, తొమ్మిదికి మా అత్త. ఇద్దరూ మాటలు రాకముందే పోయారు.

రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, శిలువలు విగ్రహాలతో సమానం, కూల్చేయండని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. చర్చి పెద్ద హంఫ్రీ ఇద్దరు కూలీలతో వచ్చాడు. నాయనమ్మ చెబితే ఆ ఇద్దరూ పదిమంది అవుతారు. అప్పటికే ఆవిడ శిలువ మెట్టు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"లే అవ్వా, రాయి మీద పడుద్ది."

"పడనీ. ఇక్కడే పూడ్చెయ్యండి. మోసే పని తప్పుద్ది."

"నన్నేం చెయ్యమంటావు? పైవాళ్ల ఆజ్ఞ."

"అయితే పైవాళ్లనే వచ్చి లేపమను. పందిపిల్లని పట్టలేనోడివి, నన్ను లేపుతావా?"

కూలీలు కిసుక్కుమన్నారు. హంఫ్రీ మొహం ఎర్రబడింది. నిచ్చెన వేయించి శిలువ తల కొట్టించాడు. అది గడ్డిలో పడింది. రాతిముక్కలు నాయనమ్మ ఒళ్లోకి రాలాయి. దులుపుకుంది గానీ లేవలేదు.

"ఇక స్తంభం, మెట్లు కూడా తీసెయ్యాలి. లే."

"ఒరే హంఫ్రీ, మీ నాన్న ఎక్కడున్నాడ్రా?"

హంఫ్రీ అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూసినా ఒకటే గడ్డి.

"అక్కడే... ఆ పక్కనెక్కడో."

"ఉత్తరం మూల నుంచి పన్నెండు. ఈ రాయి పీకేశాక ఎక్కణ్ణుంచి లెక్కపెడతావు? నీ ముక్కు నుంచా?"

హంఫ్రీ ఉత్తరం మూలన మడమ ఆనించి నడవడం మొదలుపెట్టాడు. పదకొండు దగ్గర ఆగి టోపీ తీశాడు. పన్నెండో అడుగు వేయలేదు. వెనక్కి వచ్చి, స్తంభం లాగడానికి తెచ్చిన తాళ్లు సర్దేయమని కూలీలకు చెప్పాడు. శిలువ మొత్తం తీసేశామని పైకి రాసి పంపాడు.

అందుకు నాయనమ్మ సంతోషించిందనుకుంటే పొరపాటే. ఇవాళ్టికీ అతను దారిలో కనిపిస్తే నిలదీస్తుంది.

"తల ఎప్పుడు పెట్టిస్తావురా?"

"మెల్లిగా అవ్వా! ఎవరన్నా వింటే నా పదవి పోద్ది."

"పోతే పోనీ," అంటుంది, ఊరంతా వినేలా.